కొండకు ఏ చాకు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల సంచికలో కొండ ప్రయాణానికి సంచి సర్దుకోవడం గురించి రాసినప్పుడు, సామాను పట్టికలో "ఒక చాకు లేదా మల్టీటూల్" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క ముక్క మీదే ఉన్నాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం సాధ్యం కాదు కనుక, పదిమందికీ పనికివచ్చే ఆరు ప్రశ్నలను ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. భువనగిరి కొండ మీద రాక్ క్లైంబింగ్‌లో ప్రాథమిక శిక్షణ పూర్తి చేశాను. వచ్చే జూన్‌లో నలుగురు మిత్రులం కలిసి హిమాచల్ ప్రదేశ్‌లోని హంప్టా కనుమ దాటాలని అనుకుంటున్నాము. దుకాణంలో పద్దెనిమిది పనిముట్లున్న మల్టీటూల్ ఒకటి చూపించారు. చేతికి బాగుంది కానీ పావుకిలో బరువు ఉంది, ధర పదివేలు దాటింది. మా బాబాయి మాత్రం "వంటింట్లో కూరగాయల కత్తి పట్టుకుపో, చాలు" అంటున్నారు. ఏది కొనమంటారు? (హనుమకొండ)

జవాబు: మీ బాబాయిగారి మాటలో సగానికి పైగా నిజముంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఒకసారి ఎనిమిది రోజుల నడకలో, సంచిలోంచి చాకు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశానో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఇంటికి వచ్చాక చూసుకుంటే అందులో వీరోచితమైన పని ఒక్కటీ లేదు. అటుకుల పొట్లం, సూపు పొట్లం కత్తిరించడం, ఉల్లిపాయ తరగడం, మడమ మీద బొబ్బకు అంటించే ప్లాస్టర్‌ను కొలతకు కత్తిరించడం, చొక్కా అంచున ఊడిన దారం తీసేయడం, అరికాలిలో దిగిన ముల్లు లాగడం, ఇవే మళ్లీ మళ్లీ వచ్చాయి. అలుగు (చాకులో కోసే రేకు) కంటే కత్తెర ఎక్కువసార్లు బయటికి వచ్చింది. కత్తెర తరువాతి స్థానం ముల్లు తీసే చిన్న పట్టకారుది. మీరు వెళ్లే నడక కూడా ఇలాంటిదే. సుమారు 4,270 మీటర్ల ఎత్తున్న కనుమ అయినా అక్కడ చాకుతో చేయవలసిన పనులు మన వంటింటి పనులకు, కుట్టుపెట్టె పనులకు దగ్గరగానే ఉంటాయి.

అయితే ఆ పుస్తకంలో ప్లయర్ గురించి ఉన్న ఒకే ఒక్క పద్దును దాటిపోలేను. ఐదోరోజు సాయంత్రం డేరా తలుపు జిప్ మొరాయించింది. జారుడుబిళ్ల మామూలుగానే కదులుతోంది కానీ దాని వెనక పళ్లు కలవకుండా విచ్చుకుని ఉండిపోతున్నాయి. జిప్ పాడైందని అందరూ అనుకుంటారు కానీ చాలాసార్లు పాడయ్యేది జిప్ కాదు, వాడకంలో ఆ జారుడుబిళ్ల రెండు పెదవులూ కొద్దిగా ఎడమవుతాయి, అంతే. తోటి మిత్రుడి ప్లయర్ తీసుకుని, బిళ్లను ఒకవైపు అంచున మెల్లగా నొక్కి, తరువాత రెండోవైపు అంతే నొక్కి, జిప్ లాగి చూసి, మళ్లీ వెంట్రుకవాసి నొక్కితే పళ్లు కలిశాయి. ఒకేసారి గట్టిగా నొక్కితే బిళ్ల పుటుక్కున విరుగుతుంది. ఆ రాత్రి చలిగాలికి తలుపు తెరుచుకుని ఉన్న డేరాలో పడుకోవలసి వచ్చేది, ఆ పనిముట్టు వల్ల తప్పింది. వేళ్లతోగాని చాకుతోగాని ఆ పని జరగదు.

అందుచేత మీ నలుగురికీ నా సలహా ఇది. ప్లయర్ ఉన్న మల్టీటూల్ బృందానికి ఒకటి చాలు, మనిషికొకటి అక్కరలేదు. వంటవాడు, దారి చూపే మనిషి, డేరాలు అన్నీ సమకూర్చే సంస్థతో వెళుతున్నట్లయితే అది కూడా వారి దగ్గరే ఉంటుంది, ఒకసారి అడిగి తెలుసుకోండి. మనిషికొకటి ఉండవలసింది చిన్న మడత చాకు, కత్తెర ఉన్నది. స్విట్జర్లాండ్ సంస్థ విక్టోరినాక్స్ వారి 91 మిల్లీమీటర్ల వరసలో "క్లైంబర్" అనే నమూనా దాదాపు 82 గ్రాములు. రెండు అలుగులు, కత్తెర, డబ్బా మూత తీసేది, పట్టకారు, పంటిపుల్ల దాని ఒంట్లోనే ఉంటాయి. అంతకన్నా తేలిక కావాలంటే అదే సంస్థ చేసే 58 మిల్లీమీటర్ల "క్లాసిక్" ఇరవై గ్రాముల పైచిలుకు మాత్రమే. అలుగు వేలి రెండు కణుపులంత ఉంటుంది, ఉల్లిపాయ కోయడానికి కష్టపడాలి కానీ మిగిలిన పనులన్నీ చేస్తుంది. మీకు దుకాణంలో చూపించిన తరగతికి చెందిన లెదర్‌మన్ "వేవ్" సుమారు 240 గ్రాములు. చాలా మంచి పనిముట్టే, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మోటారుసైకిల్ మీద లద్దాఖ్ వెళ్లేవారు అడిగి ఉంటే అదే కొనమని చెప్పేవాడిని. దాన్ని తయారుచేసిన టిమ్ లెదర్‌మన్‌కు ఆ ఆలోచన వచ్చిందే 1975లో ఐరోపాలో పాత కారులో తిరుగుతూ, జేబులోని చాకుతో కారు బాగుచేయబోయి ప్లయర్ లేక అవస్థపడినప్పుడు. మొదటి నమూనా మార్కెట్‌కు వచ్చేసరికి 1983 అయింది. అంటే అది పుట్టింది యంత్రాల కోసం. నడిచేవాడి దగ్గర యంత్రాలు తక్కువ.

కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి. మీరు తీసుకెళ్లే సామాను మొత్తం నేల మీద పరచి, ఏ వస్తువుకు ఏ మర ఉందో, అది తిరగడానికి ఏమి కావాలో చూడండి. చేతికర్ర బిగింపు మర, తలదీపం బ్యాటరీ మూత, కళ్లజోడు కాడ, గ్యాస్ పొయ్యి కాళ్లు, వీటిలో దేనికి ఏ స్క్రూడ్రైవర్ పడుతుందో తెలిస్తే ఎంపిక సగం పూర్తయినట్లే. పద్దెనిమిది పనిముట్లున్నా మీ చేతికర్ర మరకు పట్టే ఆ ఒక్కటి లేకపోతే మిగిలిన పదిహేడూ బరువే. తరువాత దుకాణంలో ఆ పనిముట్టును తెరిచి, ప్లయర్ మూతి మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చివరలు రెండూ కలవాలి, మధ్యలోంచి మాత్రమే సన్నని వెలుగు కనిపించాలి. అలుగు తెరిచి పక్కకు ఊపితే టకటకలాడకూడదు. కత్తెరతో పల్చని పాలిథీన్ సంచి కత్తిరించి చూడండి, మంచి కత్తెర కొసదాకా కోస్తుంది, నాసిరకపు కత్తెర నోట్లో కవరు మడతపడుతుంది. గోళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా తెరుచుకునే అలుగు, చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు అసలు తెరుచుకోదు.

ఇక బాబాయిగారి కూరగాయల కత్తి. మీరే వండుకునే పక్షంలో దాన్ని తప్పకుండా తీసుకెళ్లండి. పల్చని అలుగున్న ప్లాస్టిక్ పిడి కత్తి చాలా తేలిక, తరగడంలో ఏ మడత చాకూ దానికి సాటిరాదు, మడత సందుల్లో ఉల్లిపాయ ముక్కలు ఇరుక్కోవడమూ ఉండదు. కానీ ఒర లేకుండా సంచిలో వేస్తే అది నిద్రసంచినీ వానకోటునూ చీలుస్తుంది. గట్టి అట్టముక్కను అలుగు మీద రెండు మడతలు వేసి, చుట్టూ టేపు చుడితే మంచి ఒర తయారవుతుంది.

ప్రశ్న: రెండేళ్లుగా వారాంతాల్లో రాక్ క్లైంబింగ్ చేస్తున్నాను. మా బృందంలో కొందరు హార్నెస్‌కు (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీకి) చాకు తగిలించుకుంటారు, మా శిక్షకులు మాత్రం వద్దంటారు. నాది పొడుగు జడ. రాపెలింగ్‌లో, అంటే తాడు మీద కిందికి దిగేటప్పుడు, జుట్టు డిసెండర్‌లో (తాడు జారే వేగాన్ని అదుపుచేసే పరికరంలో) ఇరుక్కుంటే చాకుతో కోసుకోవడం తప్ప మార్గం లేదని ఒక అక్క చెప్పారు. నిజమేనా? (విశాఖపట్నం)

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు చదివేముందు, వీలైతే ఒక ప్రయోగం మీ కళ్లతో చూడండి. మేము కొత్తవారికి ఇది తప్పకుండా చూపిస్తాము. వాడకం నుంచి తీసేసిన క్లైంబింగ్ తాడు ముక్క ఒకటి తీసుకుని, ముందు దాన్ని వదులుగా పట్టుకుని చాకుతో కోయమంటాము. పైతొడుగు నేత జారుతుంది, లోపలి పోగులు నలుగుతాయి, పది పన్నెండుసార్లు ముందుకూ వెనక్కూ లాగితే తప్ప తెగదు. తరువాత అదే తాడును చింతకొమ్మకు కట్టి, కింద రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు వేలాడదీసి, అదే చాకు ఆనించమంటాము. అలుగు తగలగానే పైతొడుగు పగిలినట్టుగా విచ్చుకుంటుంది, తెగిన పోగులు తెల్లగా పైకి చిమ్ముకుంటాయి, రెండోసారి చెయ్యి లాగేలోపే బస్తాలు నేల మీద ఉంటాయి. చూసేవారంతా ఒక్క క్షణం మాట్లాడరు. బరువు మోస్తున్న నైలాన్ తాడులో ప్రతి పోగూ అప్పటికే బిగిసి ఉంటుంది కాబట్టి కత్తి చేయవలసిన పని పెద్దగా మిగలదు, తగిలితే చాలు. రాపెలింగ్‌లో ఆ బస్తాల స్థానంలో ఉండేది మీరు.

కాబట్టి ఆ అక్క చెప్పినది చేయకండి. జుట్టు ఇరుక్కున్న చోటు డిసెండర్ నోరు. బరువు మొత్తం మోస్తున్న తాడు అక్కడి నుంచి బొటనవేలి దూరంలో ఉంటుంది. నొప్పితో కళ్లనీళ్లు తిరుగుతూ, తల పక్కకు లాగి ఉండగా, ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో అక్కడ చాకు ఆడించడం కంటే ప్రమాదకరమైన పని క్లైంబింగ్‌లో నాకు తెలియదు. చేయవలసింది వేరే ఉంది. ముందు ఆగండి, కిందికి వేలాడే తాడును తొడ చుట్టూ మూడు నాలుగు చుట్లు తిప్పితే చెయ్యి వదిలినా జారరు. తరువాత డిసెండర్‌కు పైన తాడు మీద ప్రుసిక్ ముడి (బరువు పడితే తాడును బిగించి పట్టే ముడి) వేసి, దానికి పొడుగు స్లింగ్ (గట్టి నేత పట్టీ) తగిలించి, అందులో పాదం పెట్టి లేచి నిలబడండి. డిసెండర్ మీద బరువు పోతుంది, తాడు వదులవుతుంది, జుట్టును వేళ్లతోనే వెనక్కి తీయవచ్చు. ఇది నేల మీద నుంచి మూడడుగుల ఎత్తులో, శిక్షకుడు పక్కన ఉండగా పదిసార్లు సాధన చేయవలసిన విద్య. ఎంతకూ రాని నాలుగు వెంట్రుకలు మిగిలితే, అప్పుడు కూడా చాకు కాదు, మొన మొద్దుగా ఉండే చిన్న కత్తెర వాడాలి. కత్తెర రెండు పెదవుల మధ్య ఉన్నదాన్నే కోస్తుంది, చాకు ఎటు జారితే అటు కోస్తుంది. అసలు ఈ అవస్థ రాకుండా ఉండాలంటే జడ వేసి చొక్కా లోపలికి దోపుకోండి, డిసెండర్‌ను స్లింగ్‌తో కొంచెం పొడిగించి ముఖానికి దూరంగా పెట్టుకోండి, దానికి కింద, చెయ్యి వదిలినా తాడును పట్టి ఆపే అడ్డుముడి ఒకటి వేసుకోండి.

మీ శిక్షకులు వద్దనడం మీరు సాధన చేసే చోటుకు సరైన మాటే. పైనుంచి తాడు వేసి, అరగంటలో ఎక్కి దిగే రాతి మీద చాకుతో పనిలేదు. భువనగిరిలో గాని మరెక్కడ గాని, మొదటి ఏడాది నేర్చుకునేవారికి చాకు ఇవ్వని శిక్షకులనే నేను మెచ్చుకుంటాను. చాకు అవసరమయ్యేది ఒక తాడు పొడవుకు మించిన ఎత్తుల మీద. దిగే చోట ఎవరో ఎప్పుడో వదిలిపోయిన స్లింగులు ఎండకు రంగు వెలిసి, పెళుసెక్కి ఉంటాయి. వాటిని తీసేసి మన తాడు ముక్క ఒకటి కోసి కట్టవలసి వస్తుంది. లాగేటప్పుడు తాడు పగులులో ఇరుక్కుంటే చేతికి అందినంత తాడు కోసుకుని బయటపడవలసి రావచ్చు. ఇటువంటి పనికి అలుగు ఆరేడు సెంటీమీటర్లు మించనవసరం లేదు. అందులో కొంత భాగం రంపపు పళ్లతో ఉంటే మంచిది, ఎందుకంటే డైనీమా అనే కృత్రిమ పోగుతో నేసిన, నునుపుగా జారే స్లింగును సాదా అంచు సరిగ్గా పట్టుకోలేదు. క్యారబీనర్ (తాడు, పట్టీలు తగిలించే లోహపు కొక్కెం) పట్టే రంధ్రం ఉండాలి, చేతితొడుగుతోనే తెరవగలగాలి. క్లైంబింగ్ సామాను చేసే పెట్జల్ వారి "స్పాథా" ఇలా ఆలోచించి చేసినదే. పిడిలో క్యారబీనర్ దూరేంత కన్నం, తెరవడానికి గరుకు చక్రం, కొంత రంపపు అంచు ఉంటాయి, బరువు యాభై గ్రాముల లోపే.

తగిలించుకునే చోటు కూడా చాకు ఎంపికలో భాగమే. హార్నెస్ వెనక వైపు సామాను తగిలించుకోవడానికి ఉన్న గేర్ లూప్‌కు, మూసి ఉన్న స్థితిలో, చుట్టూ ఒక వెడల్పు రబ్బరుబ్యాండు వేసి తగిలించండి. ఇరుకు పగులులో వీపు రాసుకుంటూ ఎక్కేటప్పుడు చాకు తనంతట తాను తెరుచుకున్న సందర్భం నాకు ఎదురైంది. నడుము దగ్గర బట్ట చిరిగినట్టు చప్పుడు వినిపించి చూసుకుంటే హార్నెస్ పట్టీకి రెండు వేళ్ల దూరంలో అలుగు మెరుస్తోంది. ఆ రోజు నుంచి రబ్బరుబ్యాండు లేకుండా నేను కొండ ఎక్కలేదు. కొన్ని మల్టీటూళ్లకు చివర క్యారబీనర్‌లాంటి కొక్కెం ఉంటుంది, అది తాళంచెవులు తగిలించుకోవడానికే. నిజమైన క్యారబీనర్ వెన్ను మీద ఎన్ని కిలోన్యూటన్ల బలమో చెక్కి ఉంటుంది. ఆ అంకె లేని కొక్కేనికి మనిషి బరువు అప్పగించకూడదు.

పాత స్లింగు కోసేటప్పుడు పాటించవలసిన ఒక అలవాటు ఉంది. కోయబోయేదాన్ని ఎడమచేతితో పట్టుకుని, రెండు కొసలూ ఎక్కడికి వెళుతున్నాయో వేలితో తడుముతూ చూసి, "ఇది పాతది, ఇది మనది" అని పక్కనున్నవారికి వినిపించేలా పైకి చెప్పాలి, వారు సరే అన్నాకే చాకు తెరవాలి. అలసటతో ఉన్న మనిషికి ఎర్ర స్లింగుకూ వెలిసిన ఎర్ర స్లింగుకూ తేడా తెలియని సాయంత్రాలు ఉంటాయి.

తాడు కోయడమే ప్రాణం నిలిపిన సందర్భమూ చరిత్రలో ఉంది. 1985లో పెరూ దేశంలోని సియులా గ్రాండే శిఖరం మీద, కాలు విరిగిన జో సింప్సన్‌ను తాడుతో కిందికి దించుతుండగా అతను అంచు దాటి గాలిలో వేలాడాడు. పైన మంచులో కూర్చున్న సైమన్ యేట్స్ ఆ బరువుకు తానూ జారిపోతూ, చివరికి తాడు కోశాడు. బరువున్న తాడు కాబట్టి క్షణంలో తెగింది. సింప్సన్ మంచుపగులులో పడి కూడా బతికి, మూడు రోజుల పాటు పాకుతూ శిబిరానికి చేరాడు. ఇద్దరూ బతికారు. ఈ కథ విన్నవారు చాకు కొనాలని పరుగెత్తుతారు. నేను మాత్రం ముందు ప్రుసిక్ ముడులు నేర్చుకుని, తరువాత చాకు కొనమంటాను.

ప్రశ్న: ఫ్రాన్స్ నుంచి మా అన్నయ్య తెచ్చిన చెక్క పిడి ఒపినెల్ చాకు రెండు నెలల్లోనే నల్లమచ్చలు పడి తుప్పు పట్టింది. వానలో తడిస్తే తెరుచుకోవడం లేదు. ఇది నకిలీదా? ఇంకో సందేహం, అలుగుకు లాక్ ఉండి తీరాలా? (కాకినాడ)

జవాబు: నకిలీ అని అనుకోనక్కరలేదు. 1890లో సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన ఈ చాకు ఇప్పటికీ రెండు రకాల ఉక్కుతో వస్తోంది. మీది కార్బన్ ఉక్కుది అయి ఉంటుంది. అది వాదర (పదునైన అంచు) బాగా పడుతుంది, సాన కూడా సులువు, కానీ నిమ్మకాయ కోసి తుడవకుండా పెడితే మరునాటికే మచ్చపడుతుంది. సముద్రపు గాలి ఉప్పగా తగిలే మీ ఊళ్లో దాన్ని కాపాడుకోవడం కష్టం. స్టెయిన్‌లెస్ రకం తెప్పించుకోండి, అలుగు మీదే "INOX" అనే ముద్ర ఉంటుంది. స్టెయిన్‌లెస్ అయినా ఉప్పునీళ్లలో తడిస్తే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టవలసిందే. తడిసిన చెక్క ఉబ్బి అలుగును బిగించడం మాత్రం ఈ చాకు స్వభావం; అప్పుడు పిడి వెనక చివరను రాయి మీద ఠక్కున కొడితే అలుగు కొద్దిగా బయటికి వస్తుంది, వేళ్లతో పట్టి తీయవచ్చు. సవాయ్ వాసులు తరతరాలుగా చేస్తున్నదీ ఇదే.

లాక్ విషయంలో నా అభిప్రాయం గట్టిది. నెట్టే పని ఉన్నవారికి లాక్ ఉండాలి. 91 మిల్లీమీటర్ల స్విస్ చాకులకు లాక్ ఉండదు, వెనక స్ప్రింగు బిగువు మాత్రమే అలుగును నిలబెడుతుంది. వాదరను కిందికి ఆనించి కోసినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి కొబ్బరిచిప్పలోంచి ముక్క తీయబోయి, మొనతో పొడిచి నెట్టాను. అలుగు వెనక్కి మడతపడి చూపుడువేలి కణుపు మీద కూర్చుంది. మూడు కుట్లు పడ్డాయి. తప్పు చాకుది కాదు, నాది. ఒపినెల్‌కు 1955 నుంచి మెడ దగ్గర తిరిగే ఉంగరం ఉంది, తెరిచాక దాన్ని తిప్పితే అలుగు మడతపడదు. తిప్పడం మరిచిపోతే అది కూడా లాక్ లేని చాకే.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి విమానంలో ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి కొండలకు వెళతాము. చాకుతో ఇబ్బంది వస్తుందా? మా ఊరి పక్కనే ఉన్న శేషాచలం అడవుల్లో నడకకు వెళ్లేటప్పుడు పెట్టుకోవచ్చా? (తిరుపతి)

జవాబు: విమానంలో చాకు, మల్టీటూల్ రెండూ చేతిసంచిలోకి పనికిరావు, తూకం వేసి అప్పగించే పెద్ద సంచిలో, మూసి, గుడ్డలో చుట్టి పెట్టండి. జేబులో మరిచిపోయిన చాకును తనిఖీ దగ్గర వదిలేసి వెళ్లినవారు చాలామంది ఉన్నారు, కాబట్టి ఇంట్లో బయలుదేరేముందే జేబులు తడుముకోండి. గ్యాస్ డబ్బాలను ఏ సంచిలోనూ ఒప్పుకోరు, వాటిని అక్కడే కొనుక్కోవాలి. మెట్రో స్టేషన్ల తనిఖీలో కూడా చాకు ఆపవచ్చు, ఆ రోజు టాక్సీ మేలు.

ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాలు తొమ్మిది అంగుళాలు మించిన పొడవు లేదా రెండు అంగుళాలు మించిన వెడల్పు ఉన్న అలుగుల గురించి మాట్లాడతాయి. మనం చెప్పుకుంటున్న చాకులు అందులో సగం కూడా ఉండవు. కానీ అడవి సంగతి వేరు, దీన్ని చాలామంది గమనించరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ముందస్తు అనుమతి లేకుండా ఆయుధంతో ప్రవేశించకూడదు, ఆ చట్టంలో ఆయుధం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చాకులు కూడా ఉన్నాయి. జాతీయ వనాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. శేషాచలంలో ఎర్రచందనం దొంగల కోసం సిబ్బంది ఏడాది పొడవునా గాలిస్తూ ఉంటారు, అక్కడ మీ సంచిలో పెద్ద కత్తి కనిపిస్తే వారు అనుమానించడంలో తప్పులేదు. ప్రవేశ అనుమతి తీసుకునే చోటే "మా దగ్గర వంటకు, ప్రథమ చికిత్సకు చిన్న చాకు ఉంది" అని ముందుగా చెప్పి, వారు ఒప్పుకుంటే తీసుకెళ్లండి, వద్దంటే అక్కడే అప్పగించి రసీదు అడగండి. ఒక పగటి నడకకు చాకు లేకపోయినా జరిగిపోతుంది. మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర, పట్టకారు పెట్టుకోండి. నల్లమలకు, కవ్వాల్‌కు వెళ్లేవారికీ ఇదే మాట.

ప్రశ్న: పాము కరిస్తే గాటు పెట్టి రక్తం తీయడానికి చాకు తప్పనిసరి అని మా తాతయ్య అంటారు. ఎలాంటి చాకు మంచిది? (శ్రీశైలం దగ్గరి ఒక గ్రామం నుంచి)

జవాబు: ఏ చాకూ వద్దు. తాతయ్యగారి కాలంలో అదే చెప్పేవారు, అందులో వారి తప్పేమీ లేదు. కానీ గాటు పెట్టడం వల్ల విషం బయటికి రాదు, పైగా కొన్ని పాముల విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి ఆ గాటు నుంచే రక్తం ఆగకుండా పోతుంది, నరాలు తెగుతాయి, పుండు పడుతుంది. నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించి కట్టడం కూడా మానాలి. కరిచిన కాలిని గాని చేతిని గాని కర్రముక్క సాయంతో కదలకుండా ఉంచి, ఉంగరాలు, మెట్టెలు, కడియాలు తీసేసి, మనిషిని నడిపించకుండా మోసుకుంటూ, విషానికి విరుగుడు ఇచ్చే ఆసుపత్రికి చేర్చాలి. ఫోను అందితే 108కి చెప్పండి. చాకుతో ఆ సమయంలో చేయగల మంచి పని ఒకటే, మోసే జోలె కట్టడానికి కర్రలు, గుడ్డ సవరించడం.

ప్రశ్న: నా మల్టీటూల్ అలుగు మొద్దుబారింది. వీధిలో సైకిల్ మీద సాన పట్టే అతనికి ఇచ్చాను, ఇంకా పాడైంది. ఇంట్లో సాన పట్టుకోవడం ఎలా? మడతల్లో కొబ్బరినూనె వేయవచ్చా? (నల్గొండ)

జవాబు: ఆ చక్రం కొడవళ్లకు, కత్తిపీటలకు సరిపోతుంది, అతని పనిలో లోపం లేదు. పల్చని అలుగును వేగంగా తిరిగే రాయికి ఆనిస్తే నిప్పురవ్వలు లేస్తాయి, ఆ వేడికి వాదర నీలిరంగు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోతుంది. ఆ నీలిభాగం అరిగేదాకా పదును నిలవదు. ఇంట్లో సానరాయి మీద చేతితో పట్టడమే మంచిది. రాయిని తడిపి, అలుగును పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలులో పెట్టండి. కొలవడం తెలియకపోతే, వెన్నుకూ రాయికీ మధ్య రెండు రూపాయి బిళ్లలు పట్టేంత ఎడం ఉంటే చిన్న చాకుకు సరిపోతుంది. పల్చని పొర కోస్తున్నట్టుగా వాదర ముందుకు నడిపి, ఒకవైపు ఎన్నిసార్లో రెండోవైపూ అన్నిసార్లు నడపండి. ఎదురువైపు వాదరకు సన్నని గరుకు అంచు వేలికి తగిలితే రాయి పని చేస్తున్నట్టు లెక్క. ప్రయాణంలో రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపుపూత లేని గరుకు వలయం మీద నాలుగైదుసార్లు నడిపినా వాదర తేరుకుంటుంది. రంపపు పళ్లున్న భాగాన్ని మాత్రం రాయి మీద పెట్టకండి, దానికి సన్నని గుండ్రటి ఆకురాయి వేరే కావాలి.

చాకుతో రాయిని గాని ఇనుమును గాని గీకకండి. 2003లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఇరుకు లోయలో బండ మధ్య చెయ్యి చిక్కుకున్న ఆరన్ రాల్‌స్టన్ దగ్గర ఉన్నది చౌకరకం మల్టీటూల్. మొదటి రోజుల్లో దానితో బండను చెక్కడంతో అలుగు మొద్దుబారింది, ఐదు రోజుల తరువాత చెయ్యి కోసుకుని బయటపడక తప్పని గడియలో అతనికి మిగిలింది ఆ మొద్దు అలుగే. అతను వెళ్లిన చోటు ఇంట్లో గాని స్నేహితులకు గాని చెప్పి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

కొబ్బరినూనె నల్గొండ ఎండల్లో బాగానే పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన ఇళ్లలోనే జనవరి ఉదయాన సీసాలో తెల్లగా పేరుకోవడం చూస్తాము. కొండ మీద మడతల్లో అదే జరిగి, దుమ్ముతో కలిసి జిగురులా పట్టి, అలుగు రాదు. కుట్టుమిషన్ నూనె పల్చగా ఉంటుంది కానీ తినే వస్తువులు కోసే అలుగుకు తగలకూడదు. మందుల దుకాణంలో దొరికే తెల్లని లిక్విడ్ పారఫిన్ ఒక చుక్క, అలుగు తిరిగే మర దగ్గర వేసి, పదిసార్లు తెరిచి మూసి, పైకి వచ్చిన నల్లని జిడ్డును గుడ్డతో తుడిచేయండి. దానికి ముందు పనిముట్టును గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత పళ్లబ్రష్‌తో తోమి, అన్నీ తెరిచిపెట్టి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద నూనె వేస్తే తుప్పు లోపలే మొదలవుతుంది.